టూటూ కుట్టే చేతులకు: బ్యాలే కాస్ట్యూములపై మీ ప్రశ్నలు, జవాబులు

పెద్ద బ్యాలే ప్రదర్శనలకు దుస్తులు తయారుచేసే పని గురించి అడగాలనుకున్నవి రాయమని పోయిన సంచికలో కోరాం. ఉత్తరాలు బోలెడు వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపేసి, ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మా డాన్స్ స్కూల్ ఈసారి 'స్వాన్ లేక్' మొత్తం వేస్తోంది, నాలుగు అంకాలూ. కాస్ట్యూముల బాధ్యత నా మీద పెట్టారు. చిన్న చిన్న కార్యక్రమాలకు కుట్టించిన అనుభవం ఉంది గానీ ఇంతమందికి ఎప్పుడూ చేయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ఒకటే టెన్షన్.

జవాబు: ముందు బట్ట కొనకండి. నా మాట వినండి, బట్ట కొనకండి. ఒక పెద్ద కాగితం తీసుకుని నిలువుగా డాన్సర్ల పేర్లు, అడ్డంగా దృశ్యాలు రాసి గళ్లు గీయండి. మొదటి అంకంలో పల్లె అమ్మాయిగా వచ్చినామె రెండో అంకంలో హంస, మూడో అంకంలో స్పానిష్ డాన్స్, నాలుగో అంకంలో మళ్లీ హంస. మనిషి ఒక్కరే, డ్రెస్సులు మూడు. ఈ పట్టిక పూర్తయ్యేదాకా ఎన్ని డ్రెస్సులు కావాలో ఎవరికీ తెలియదు, దర్శకుడికి కూడా. దాన్లోనే ఇంకో సంగతి బయటపడుతుంది, ఎవరికి డ్రెస్ మార్చుకునే టైమ్ మూడు నిమిషాలే ఉందో. ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి, ఆ డ్రెస్ తెరిచే పద్ధతి, మూసే పద్ధతి వేరుగా ఆలోచించాలి.

ముఖ్య పాత్రలకు ఎంతమంది తయారవుతున్నారో కూడా అడగండి. తెల్ల హంస ఒడెట్, నల్ల హంస ఒడీల్ ఒకే డాన్సర్ చేసే పాత్రలు గానీ, పెద్ద ప్రొడక్షన్‌లో ఆ జంట పాత్రకు ఇద్దరో ముగ్గురో సిద్ధంగా ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా కుట్టాలా, ఒకే టూటూ (నెట్ వరుసలతో కుట్టే బ్యాలే స్కర్టు) ఇద్దరికి సర్దాలా అన్నది మొదటిరోజే తేలాలి.

కొలతలు మీరే తీసుకోండి, ఫోన్లో చెప్పినవి రాసుకోవద్దు. మామూలు కొలతలతో పాటు బ్యాలేకు తప్పనిసరిగా కావలసింది ఒకటుంది. భుజం మీద మొదలుపెట్టి, ముందు నుంచి కాళ్ల మధ్యగా తీసి, వెనక నుంచి మళ్లీ అదే భుజానికి తెచ్చే కొలత. గర్త్ అంటారు. టూటూ, బాడిస్ (నడుము పైన ఒంటికి అతికే భాగం), లోపలి నిక్కర్ అన్నీ కలిపి ఒకే డ్రెస్‌గా నిలబడేది ఈ కొలత మీదే. ఇది అంగుళం తక్కువైనా కూర్చుని లేచిన ప్రతిసారీ డ్రెస్ కోసుకుపోతుంది, ఎక్కువైతే ఎత్తినప్పుడల్లా నడుము దగ్గర ముడతలు పడుతుంది.

తర్వాత హంసల సంగతి. మనకు ఇప్పుడు తెలిసిన రూపం 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నాట్యకర్తలు పెటిపా, ఇవానోవ్ కలిసి కూర్చినది, హంసలు వచ్చే తెల్ల అంకాలు రెండూ గుంపు మీదే నడుస్తాయి. చాలా కంపెనీలు 24 మంది హంసలను పెడతాయి. మీ దగ్గర ఎంతమంది ఉన్నా, అందరికీ ఒకేసారి కత్తిరించకండి. ఒక్క హంసను పూర్తిగా కుట్టండి, తలమీద ఈకలతో సహా. ఆ అమ్మాయిని స్టేజీ మీద నిలబెట్టి, లైట్లు వేయించి, డాన్స్ చేయించి చూడండి. అప్పుడు మార్చాల్సినవి మార్చి మిగతావి కత్తిరించండి. బట్ట మాత్రం అందరికీ ఒకే థాను నుంచో, ఒకే రంగు విడత నుంచో రావాలి, ఇంకో ఇద్దరికి సరిపడా అదనంగా. రెండో విడతలో తెప్పించిన తెలుపు కొట్లో చూస్తే అదే తెలుపు, స్టేజీ మీద వరుసలో నిలబెడితే వేరే తెలుపు.

రాణిగారి గౌను ముందు కుట్టాలని అందరికీ ఉంటుంది, అది అందంగా ఉంటుంది కాబట్టి. దాన్ని తర్వాత కుట్టండి. గుంపు పనే రోజులు తినేస్తుంది.

ప్రశ్న: నేను టైలర్ని. పార్టీ గౌన్లు, పెళ్లి డ్రెస్సులు బాగానే కుడతాను, ఎవరూ వంక పెట్టలేదు. ఈమధ్య ఒక బ్యాలే బృందానికి బాడిస్‌లు కుట్టాను. ఒంటికి అతికినట్టు కుదిరాయి. కానీ రిహార్సల్‌లో చేతులు పైకెత్తగానే బాడిస్ మొత్తం పైకి లేస్తోందట, ఊపిరి ఆడట్లేదని కూడా అన్నారు. చేతులు ఆడాలని చంక కిందికి ఇంకాస్త లోతుగా కత్తిరించి ఇచ్చాను, ఇంకా ఎక్కువ లేస్తోంది అంటున్నారు. ఎక్కడ తేడా వచ్చింది?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డాను, ఎందుకంటే ఈ పనిలో అందరినీ తికమకపెట్టే చోటే మీరు వేలు పెట్టారు. చంక లోతుగా కత్తిరిస్తే చెయ్యి బాగా ఆడుతుందని అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తి రివర్స్. చంక కిందికి దిగేకొద్దీ, చెయ్యి ఎత్తినప్పుడు ఆ చెయ్యి పక్కనున్న బట్టను తనతో పాటు లాక్కుపోతుంది, దాంతో డ్రెస్ మొత్తం లేస్తుంది. చంక ఎంత పైకి, ఎంత బిగుతుగా, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా ఆడుతుంది, నడుము కదలకుండా ఉంటుంది. లోతుగా తీసేసిన వాటికి చంక కింద ముక్క వేసి మళ్లీ పైకి తీసుకురండి, ఈ ఒక్కదానితోనే సగం సమస్య పోతుంది.

ఇక చేతులు. బ్యాలే బాడిస్‌కు కనిపించే చేతులు చాలాసార్లు బాడిస్‌కు కుట్టి ఉండవు. పైచేతి మీద సన్నటి ఎలాస్టిక్‌తో విడిగా నిలబడే చిన్న కుచ్చు అది. భుజం మీదున్న పట్టీ కూడా ఒంటి రంగు ఎలాస్టిక్. అందానికి వేసినది వేరు, బరువు మోసేది వేరు.

ఊపిరి సంగతికి వద్దాం. ఛాతీ కింద కొలత తీసేటప్పుడు మామూలుగా నిలబెట్టి ఒకసారి, నిండా ఊపిరి పీల్చమని ఒకసారి తీయండి, రెండింటికీ ఎంత తేడా ఉందో మీకే కనిపిస్తుంది. డాన్సర్ రెండు నిమిషాల సోలో చేసి స్టేజీ పక్కకు వచ్చేసరికి పక్కటెముకలు కొలిమి తిత్తిలా ఆడుతుంటాయి. ఆ కదలికకు బట్టలో చోటు ఉండాలి, అయినా వదులుగా కనిపించకూడదు. అందుకే బాడిస్‌ను రెండు ముందు ముక్కలు, రెండు వెనక ముక్కలుగా కాకుండా పది, పన్నెండు సన్నటి ముక్కలుగా కోస్తారు. నడిమి ముక్కలు నిలువు పోగు మీద, అవి సాగవు, ఆకారం నిలబెడతాయి. పక్కటెముకల మీదికి వచ్చే ముక్కలు క్రాస్‌గా, అవి ఊపిరితో పాటు సాగి మళ్లీ దగ్గరికి వస్తాయి. ఈ కోతను గొప్పగా వాడుకున్న మనిషి బార్బరా కరీన్‌స్కా. ఖార్కివ్‌లో 1886లో పుట్టింది, న్యూయార్క్ సిటీ బ్యాలేలో నాట్యకర్త బాలన్‌షీన్ కోసం ఏళ్ల తరబడి కుట్టింది. ఆవిడ బాడిస్ వేసుకుంటే ఒంటిమీద ఏదో ఉందని తెలిసేదే కాదని డాన్సర్లు చెప్పుకునేవాళ్లు. ఆ పేరు వచ్చింది పై మెరుపు వల్ల కాదు, ఈ పక్క ముక్కల వల్ల.

లోపలి పొర గట్టి నూలుబట్ట ఉండాలి, డ్రిల్ లాంటిది. పై పట్టునో శాటిన్‌నో ఒక్కో ముక్కకూ విడిగా ఆ నూలుబట్ట మీద పరిచి, అంచు చుట్టూ టాకాలు వేసి, రెండింటినీ ఒకే బట్టగా భావించి కలపండి. గౌన్లలో చేసినట్టు లైనింగ్‌ను విడిగా కుట్టి లోపల వేలాడదీస్తే, చెమట పట్టగానే పైబట్ట ఒకవైపు, లైనింగ్ ఒకవైపు జారుతాయి. బోన్‌లు (ఆకారం నిలబెట్టే సన్నటి గట్టి పట్టీలు) పెడితే నడుము గీత దగ్గర, పై అంచు దగ్గర వేలెడు దూరం ముందే ఆపేయండి, వెనక్కి వంగినప్పుడు గుచ్చుకుంటాయి. కుట్ల లోపల బట్ట దండిగా వదలండి, ముఖ్యంగా పక్కల్లోనూ వెనకా. ఈ బాడిస్ ఈ ఒక్క అమ్మాయిదే కాదు, రెండేళ్ల తర్వాత ఇంకొకరిది.

చివరి బట్ట తాకకముందు కోరా గుడ్డతో నమూనా కుట్టి వేయించండి. అద్దం ముందు నిలబెట్టి చూడొద్దు. చేతులు పైకెత్తమనండి, వెనక్కి వంగమనండి, మోకాళ్లు పక్కకు విప్పి కిందికి దిగమనండి, గెంతమనండి. ముడత ఎక్కడ పడుతుందో అక్కడ పెన్సిల్‌తో గీయండి. నిలబడ్డప్పుడు కుదరడం కాదు మనకు కావాల్సింది.

ప్రశ్న: టూటూ వారం రోజులకే గొడుగులా కిందికి వాలిపోతోంది. గట్టి నెట్టే వాడాను. ఏం చేయాలి?

జవాబు: నెట్ గట్టిదైనంత మాత్రాన చాలదమ్మా. అడ్డంగా నిలబడే క్లాసికల్ టూటూలో 10 నుంచి 14 వరుసల దాకా నెట్ ఉంటుంది, పెద్దవాళ్లకు ఒక్కదానికే పది మీటర్లు దాటుతుంది. పై వరుస 35, 40 సెంటీమీటర్లు, కిందికి వచ్చేకొద్దీ తగ్గుతూ తగ్గుతూ కాలి దగ్గర నాలుగైదు సెంటీమీటర్ల కుచ్చుగా ముగుస్తుంది. కింది పొట్టి వరుసలే పై పొడుగు వరుసలను ఎత్తి పట్టుకుంటాయి. చాలామంది కింది వరుసలు ఎవరికీ కనిపించవని రెండుమూడు తగ్గించేస్తారు, వాలిపోవడం అక్కడే మొదలవుతుంది. మీరు ఎన్ని వరుసలు వేశారో రాయలేదు, ముందు అది లెక్కపెట్టుకోండి.

ఈ వరుసలన్నీ లోపలి నిక్కర్ మీద దగ్గర దగ్గరగా గీసుకున్న గీతల వెంబడి కుడతారు. నేనైతే కాలి దగ్గర చిన్న కుచ్చుతో మొదలుపెట్టి పైకి పోతాను, మిషన్ కింద చోటు దొరుకుతుంది. పై మూడునాలుగు వరుసలు దాటాక ఒక వరుసకు టేపు కుట్టి, అందులోంచి సన్నటి స్టీలు తీగ తిప్పితే పళ్లెంలా నిలుస్తుంది. తీగ చుట్టుకొలత పెద్దదైతే అంచు అలలు తేలుతుంది, చిన్నదైతే గంటలా ముడుచుకుంటుంది, కాబట్టి తీగ రెండు కొనలూ వెంటనే బిగించేయకుండా, ఒంటి మీద వేయించి, సరిపోయిన చోట గుర్తుపెట్టి అప్పుడు కలపండి.

అన్నిటికన్నా ముఖ్యం టాకాలు. వరుసలన్నీ కుట్టాక టూటూను తిరగేసి పెట్టుకుని, ఒక వరుసను దాని పక్క వరుసకు చేత్తో వదులుగా కలుపుతూ గుండ్రంగా తిరగాలి. దారం బిగించి లాగకూడదు, రెండు వరుసల మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల దారం వదలాలి. బిగిస్తే పైన గుంట పడుతుంది, లైట్లలో ప్రతి గుంటా కనిపిస్తుంది. అస్సలు వేయకపోతే గెంతినప్పుడు వరుసలు విడివిడిగా ఎగిరి, దిగేసరికి చిందరవందర అయిపోతాయి. ఈ పని చేసేటప్పుడు మెడ, భుజాలు పట్టేస్తాయి, తొందరపడితే మాత్రం చెడిపోతుంది, ఒక్క టూటూ మీద ఇద్దరు కూర్చుని చెరోవైపు చేసుకుంటే మేలు. ఇప్పుడు మీ దగ్గరున్నది పారేయాల్సిన పని లేదు. ఆవిరి పట్టి, వరుసలు చేత్తో సర్ది, టాకాలు కొత్తగా వేసి చూడండి.

తీగ లేకుండా కూడా టూటూ కుడతారు. 1950లో 'సింఫనీ ఇన్ సి' అనే బ్యాలే కోసం కరీన్‌స్కా తీగ తీసేసి, పొట్టి వరుసలు తక్కువగా వేసి మెత్తటి టూటూ తయారుచేసింది. పెద్ద గుంపు దగ్గర దగ్గరగా నాట్యం చేసేటప్పుడు తీగలున్న టూటూలు ఒకదాన్నొకటి తగిలి ఎగరేసుకుంటాయి, ఆవిడ టూటూతో ఆ గొడవ తీరింది. మీ స్టేజీ చిన్నదైతే ఆ దారి ఆలోచించండి.

ప్రశ్న: ఇంత ఆధునిక కాలంలో కూడా వెనకాల హుక్కులేనా? జిప్పు పెడితే ఎంత సులువు!

జవాబు: జిప్పు పళ్లు ఒక్కచోట విడిపోయాయంటే డ్రెస్ మొత్తం విచ్చుకుంటుంది, అదీ స్టేజీ మధ్యలో. హుక్కు ఒకటి ఊడితే మిగతా పదకొండూ పట్టుకుని ఉంటాయి. రెండో కారణం, హుక్కులకు ఎదురుగా కాజాలు రెండు మూడు వరుసలు కుడితే ఒకే బాడిస్ సన్నటామెకూ సరిపోతుంది, కాస్త ఒళ్లున్నామెకూ సరిపోతుంది. పెద్ద కంపెనీల్లో బాడిస్ లోపల పేర్ల పట్టీలు ఒకదాని కింద ఒకటి కుట్టి ఉంటాయి, అన్నేళ్లుగా అంతమంది వేసుకున్నారన్నమాట. హుక్కులు మైనం పట్టించిన జంట దారంతో చేత్తోనే కుట్టండి. ఒకటి ఇటు, తర్వాతది అటు తిరిగేలా పెడితే కదలికలో వాటంతటవి ఊడవు.

జిప్పు వాడదగ్గ చోటు లేకపోలేదు. మూడు నిమిషాల్లో మార్చాల్సిన పై గౌన్లకు పెట్టొచ్చు, అయినా పైన ఒక హుక్కు కాపలా ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి రాజకుమారుడి వేషం. జాకెట్ వేసుకుని పార్ట్‌నర్‌ను ఎత్తితే పొట్ట కనిపిస్తోంది, లోపలి చొక్కా బయటికి వస్తోంది.

జవాబు: పైన టైలర్ గారికి చెప్పిన చంక సంగతే ఇక్కడా వర్తిస్తుంది, చంక పైకి ఉండాలి. దాంతో పాటు చంక కింద చెయ్యీ పక్కా కలిసే చోట చతురస్రపు ముక్కను మూలమీద నిలబెట్టి కుట్టించండి, గస్సెట్ అంటారు, అదే రంగులో సాగే బట్టతో. చెయ్యి దించినప్పుడు ముడుచుకుపోయి కనిపించదు. చొక్కా వేరే వద్దు. కాలరూ, ముందు కుచ్చులూ, మణికట్టు లేసూ జాకెట్‌కే కుట్టేస్తారు, చూసేవాళ్లకు లోపల చొక్కా ఉన్నట్టే ఉంటుంది, వేడీ తగ్గుతుంది.

ప్రశ్న: డాన్సర్ నడుము చుట్టూ రాళ్లూ, చమ్కీలూ దట్టంగా పెట్టాం, ఫొటోల్లో అద్భుతంగా వచ్చింది. కానీ ఆమెతో చేసే అబ్బాయి అరచేతులు గీరుకుపోయాయి. డిజైన్ మార్చడానికి మా డిజైనర్ ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఈ విషయంలో నేను అబ్బాయి పక్షమే. అతని చేతులు జారితే పడేది ఆమె. రాళ్లు గీరుకోవడం ఒక ఎత్తైతే, మెత్తటి చమ్కీల మీద చెయ్యి జారడం ఇంకా ప్రమాదం. రిహార్సల్‌లో అతను ఎక్కడెక్కడ పట్టుకుంటాడో చూసి, నడుము పక్కల్లో, పక్కటెముకల కింద, తొడ వెనక ఆ చోట్లు ఖాళీగా వదలండి. ఎత్తినప్పుడు అతని ఛాతీకి ఆనుకునే చోటు కూడా చూడండి, అతని జాకెట్ బొత్తాలకు ఆమె నెట్ చిక్కుకుంటుంది. మెరుపంతా ముందు నడిమి భాగంలోకి, ఛాతీ పైభాగంలోకి తెచ్చుకోండి. మీ డిజైనర్‌ను హాలులో వెనక వరుసలో కూర్చోబెట్టండి. నడుము పక్కల రాళ్లు ఉన్నాయో లేవో అంత దూరం నుంచి తేలదు, రంగూ ఆకారమూ కనిపిస్తాయి అంతే.

ప్రశ్న: తెల్లటి డ్రెస్సులు స్టేజీ మీద కళ్లు చెదిరేలా కొడుతున్నాయి, ముఖాలు నల్లగా కనిపిస్తున్నాయి. రంగు వేద్దామంటే నెట్‌కు ఎక్కడం లేదు.

జవాబు: పాలతెలుపు స్టేజీకి పనికిరాదు. బట్టను కొంచెం లేత బూడిద వైపో, టీ రంగు వైపో దించితే లైట్లలో అది అసలైన తెలుపుగా కనిపిస్తుంది, ముఖమూ కనిపిస్తుంది. వెన్నెల సీన్లలో నీలం లైటు వేస్తారు కాబట్టి ఆ లైటు కిందే ముక్క పెట్టి చూడాలి, పగటి వెలుతురులో చూసి నిర్ణయించొద్దు.

రంగు ఎక్కకపోవడానికి కారణం బట్ట జాతి. నైలాన్ నెట్‌కూ, పట్టుకూ యాసిడ్ రంగులు కావాలి, వేడి నీళ్లలో కొంచెం వెనిగర్‌తో ఎక్కుతాయి. నూలుకు వాడే రియాక్టివ్ రంగులు వేరు. మీ నెట్ పాలియెస్టర్ అయితే ఈ రెండూ ఎక్కవు, దానికి డిస్పర్స్ రంగులు, బాగా మరిగే నీళ్లు ఉండాలి. కొనేటప్పుడే అడిగి రాయించుకోండి. కుట్టిన తర్వాత రంగు వేయాలనుకుంటే దారం గుర్తుంచుకోండి, పాలియెస్టర్ దారంతో కుట్టిన నూలు డ్రెస్‌కు రంగు వేస్తే కుట్లన్నీ తెల్లగా మిగిలిపోతాయి.

ప్రశ్న: 'జిసెల్' బ్యాలే రెండో అంకానికి పొడుగు స్కర్టులు. అందరికీ నడుము నుంచి ఒకే పొడవు ఇచ్చాం, వరుసలో నిలబడితే అంచు మెట్లు మెట్లుగా ఉంది.

జవాబు: నడుము నుంచి కాదు, నేల నుంచి కొలవాలి. అందరినీ వాళ్ల షూలతో నిలబెట్టి, నేల నుంచి ఒకే ఎత్తులో గుర్తుపెట్టుకుంటూ రండి. ఈ పొడుగు మెత్తటి స్కర్టు 1832లో పారిస్‌లో 'లా సిల్ఫిడ్' బ్యాలేలో మారీ తాలియోనీ అనే డాన్సర్ వేసుకున్నప్పటి నుంచి ప్రసిద్ధికెక్కింది, 1841లో జిసెల్‌కూ అదే. గ్యాస్ దీపాల వెలుతురులో ఆ తెల్లటి పొరలు గాల్లో తేలుతున్నట్టు ఉండేవి. దానికి గట్టి నెట్ వద్దు, మెత్తటి టల్ (సన్నటి నెట్) ఐదారు పొరలు చాలు.

ప్రశ్న: నెట్‌కు నిప్పంటుకోకుండా మందు కొట్టించాలంటున్నారు. మందు కొడితే స్కర్టు బిరుసెక్కి అందం పోతుందని మా పిల్లలు ఒప్పుకోవడం లేదు. నిజంగా అవసరమా?

జవాబు: అవసరం. ఎమ్మా లివ్రీ అని పారిస్ ఒపేరాలో గొప్ప డాన్సర్ ఉండేది. ఆరోజుల్లో కూడా బట్టకు నిప్పంటకుండా చేసే మందు ఉంది, అది వేస్తే స్కర్టు బిరుసెక్కి మాసినట్టు కనిపిస్తుందని ఆమె ఒప్పుకోలేదు. 1862 నవంబర్‌లో రిహార్సల్‌లో గ్యాస్ దీపం తగిలి స్కర్టు అంటుకుంది. ఎనిమిది నెలలు బాధపడి 1863లో చనిపోయింది, అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఇప్పుడు గ్యాస్ దీపాలు లేవు గానీ వేడెక్కే లైట్లు, కొవ్వొత్తుల సీన్లు, బాణసంచా ఎఫెక్టులు ఉన్నాయి, నెట్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది కూడా. తయారీలోనే నిప్పును తట్టుకునేలా చేసిన నెట్ దొరుకుతుంది, అది తీసుకుంటే బిరుసు సమస్య ఉండదు. మందు కొట్టించిన బట్టను ఉతికితే మందు పోవచ్చు, ప్రతి ఉతుకు తర్వాత చిన్న ముక్కతో పరీక్షించండి.

ప్రశ్న: టూటూను ఉతకొచ్చా? చెమట వాసన భరించలేకుండా ఉంది, వరుసగా షోలు ఉన్నాయి.

జవాబు: టూటూను నీళ్లలో ముంచొద్దు, నెట్ బిరుసు పోతుంది, తీగ తుప్పుపడుతుంది. షో అవ్వగానే బాడిస్‌ను లోపలివైపు తిప్పి, నీళ్లు కలిపిన వోడ్కా స్ప్రే కొట్టి ఫ్యాను కింద పెట్టండి. వినడానికి వింతగా ఉన్నా ప్రపంచంలో ఎన్నో థియేటర్లలో ఇదే చేస్తారు, ఆల్కహాల్ చెమట వాసనను తగ్గించి ఆవిరైపోతుంది, తనదైన వాసన వదలదు. నిప్పు దగ్గర మాత్రం కొట్టకండి. పట్టు మీద, రంగు బట్ట మీద ముందు ఒక మూల పరీక్షించండి. చంకల్లో విడదీసే ప్యాడ్లు టిచ్ బటన్లతో పెట్టి వాటిని రోజూ ఉతకండి. టైట్లు రోజూ ఉతకాల్సిందే.

దాచేటప్పుడు టూటూను హ్యాంగర్‌కు మామూలుగా వేలాడదీస్తే నెట్ కిందికి వాలడం అలవాటు పడుతుంది. నిక్కర్ దగ్గర క్లిప్పులు పెట్టి తలకిందులుగా వేలాడదీయండి, లేదా గుండ్రటి సంచుల్లో పళ్లెంలా పరిచి పెట్టండి.

ప్రశ్న: ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను, బ్యాలే వైపు రావాలని ఉంది. ఎవరి పని చూడమంటారు?

జవాబు: ఇద్దరిని పక్కపక్కన పెట్టుకుని చూడమ్మా. ఒకరు లియాన్ బాక్‌స్ట్. 1921లో లండన్ అల్హాంబ్రా థియేటర్‌లో బ్యాలే బృంద నిర్వాహకుడు డయాగిలెవ్ వేసిన 'ది స్లీపింగ్ ప్రిన్సెస్'కు ఆయన డిజైన్లు రంగుల్లో, వైభవంలో ఇప్పటికీ మతిపోగొడతాయి. పెట్టిన ఖర్చు తిరిగి రాక ఆ ప్రదర్శన 1922 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది, దుస్తులూ సెట్లూ అప్పు కింద పోయాయి. ఆ దుస్తుల్లో కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి, దగ్గరగా తీసిన ఫొటోలు దొరికితే కుట్లు చూడు, బొమ్మలు చూసి ఆగిపోకు. రెండో మనిషి పైన చెప్పిన కరీన్‌స్కా. బాలన్‌షీన్ 1954 'నట్‌క్రాకర్'కూ, 1967 'జువెల్స్'కూ ఆవిడే దుస్తులు తయారుచేసింది. 'జోన్ ఆఫ్ ఆర్క్' సినిమాకు ఆస్కార్ కూడా తీసుకుంది. ఆవిడ ఏళ్ల తరబడి ఇతరులు గీసిన డిజైన్లను కుట్టి, ఆ తర్వాత తన డిజైన్లు చేసింది. బొమ్మ గీయడం నేర్చుకునే ముందు ఒక బాడిస్ విప్పి మళ్లీ కుట్టి చూడు అని నేను అందుకే చెబుతాను. ఏదైనా వార్డ్‌రోబ్‌లో హుక్కులు కుట్టే పని దొరికినా వెళ్లు, అక్కడ చేతికొచ్చే పాత డ్రెస్సుల లోపలి కుట్లు ఏ కాలేజీలోనూ చూడలేవు.

ప్రశ్న: చిన్నపిల్లలు ముప్పైమంది ఉన్నారు, ఎలుకలు, దేవదూతలు. కొలతలు తీసి షో వచ్చేలోపే పొడుగైపోతున్నారు.

జవాబు: పిల్లల డ్రెస్సులకు వాళ్ల పేరు పెట్టకండి, సైజు నంబరు పెట్టండి. నడుము దగ్గర, చేతుల చివర, కింది అంచులో అడ్డంగా మడతలు వేసి వదులు కుట్టుతో ఆపండి, పెరిగితే ఒక్కో మడత విప్పుకోవచ్చు. గర్త్ చోట సాగే బట్ట వాడండి. చివరి కొలత డ్రెస్ రిహార్సల్‌కు వారం ముందు తీయండి, అంతకన్నా ముందు తీసినది లెక్కలోకి రాదు. ఎలుకల తోకలు పొట్టిగా కుట్టండి, వెనకున్న పిల్ల తొక్కుతుంది.